ఎలుక మర్చిపోయిందా, చెప్పలేకపోతోందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ప్రయోగశాలలో జంతువుకి ఏదో ఒకటి నేర్పుతారు, తర్వాత మెదడులో ఒక భాగాన్ని దెబ్బతీస్తారు, నేర్చుకున్నది మిగిలిందా పోయిందా అని చూస్తారు. అక్కడి నుంచి ఇంట్లో మనుషుల దాకా వచ్చి అడిగినవాళ్లున్నారు, ఇదంతా ఎందుకని తిట్టినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే. బీపీ మాత్రల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగండి, మాత్రలు మాత్రం ఆపకండి.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మే సైకాలజీ చదువుతున్నాను. లాష్లీ అనే ఆయన ఎలుకల మెదడు ఎక్కడ కోసినా జ్ఞాపకం ఉండే చోటు దొరకలేదని ఒక పుస్తకంలో ఉంది. ఇంకో పుస్తకంలో జ్ఞాపకాలకి మెదడు లోపల ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగమే కీలకం అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: రెండూ రాయమ్మా. కాకపోతే ఒక్కోదాని కింద ఒక్కో షరతు రాయాలి. ఆ షరతులు వదిలేస్తేనే ఇవి రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి.

కార్ల్ లాష్లీ అమెరికా సైకాలజిస్టు. 1920లలో ఆయన ఎలుకల్ని మేజ్‌లో, అంటే మధ్యమధ్య మూసుకుపోయిన సందులుండే చిక్కుదారిలో, తప్పు లేకుండా తిండి దగ్గరికి చేరేదాకా తిప్పేవారు. ఆ తర్వాత ఒక్కో ఎలుకకి మెదడు పైపొరలో, అదే కార్టెక్స్‌లో, ఒక్కో చోట ఒక్కో సైజులో దెబ్బతీసి, కోలుకున్నాక మళ్లీ అదే దారిలో వదిలేవారు. 1929లో వేసిన పుస్తకంలో ఆయన తేల్చిందేమిటంటే, దెబ్బ ఎక్కడ తగిలిందన్నది కాదు, ఎంత మేర తగిలిందన్నదే లెక్క. దారి ఎంత చిక్కుగా ఉంటే నష్టం అంత ఎక్కువగా బయటపడింది. 1950 నాటికి విసుగో వేళాకోళమో గానీ, ఈ ఆధారాలన్నీ చూస్తుంటే అసలు నేర్చుకోవడమే అసాధ్యమని తేల్చాల్సి వస్తుందేమో అని కూడా రాశారు.

ఇప్పుడు షరతు. మేజ్‌లో ఎలుక కళ్లతో మాత్రమే దారి పట్టదు. వాసన చూస్తుంది, మీసాలతో గోడ తడుముతుంది, ఎంత దూరం నడిచి ఎటు తిరిగిందో దాని ఒంటికి గుర్తుంటుంది. చూపుకి సంబంధించిన భాగం పోయినా ముక్కూ మీసాలూ కలిసి పని నెట్టుకొస్తాయి. అలాంటి పరీక్ష పెట్టి ఏ భాగమూ ప్రత్యేకం కాదు అంటే, అది మెదడు సంగతా లేక ఆ పరీక్ష సంగతా? ఈ విమర్శ లాష్లీ బతికుండగానే వచ్చింది. పైగా ఆయన వెతికింది ఎక్కువగా పైపొరలోనే.

దీనికి ఎదురు దారిలో వెళ్లినవారు రిచర్డ్ థాంప్సన్. చిక్కుదారులన్నీ మానేసి, వీలైనంత చిన్న పాఠం ఒకటి పట్టుకున్నారు. కుందేలుకి ఒక శబ్దం వినిపిస్తారు, వెంటనే కంటి మీదికి కొద్దిగా గాలి ఊదుతారు, కుందేలు రెప్ప వేస్తుంది. ఇలా కొన్ని వందల సార్లయ్యాక గాలి రాకముందే, శబ్దం వినగానే రెప్ప పడుతుంది. నేర్చుకున్నది అంతే. 1980లలో ఆయన బృందం చిన్నమెదడు లోపల, అంటే సెరిబెల్లంలో, ఇంటర్‌పోజిటస్ అనే చాలా చిన్న భాగాన్ని దెబ్బతీసి చూసింది. శబ్దానికి రెప్ప వేయడం పూర్తిగా పోయింది, తిరిగి రాలేదు. కానీ గాలి ఊదితే మాత్రం రెప్ప మామూలుగానే పడింది! అంటే కంటి కండరం బాగుంది, నరం బాగుంది, నేర్చుకున్న ముక్క ఒక్కటే లేదు. దెబ్బ ఏ వైపు తగిలిందో ఆ వైపు కన్నే ఆ పాఠం పోగొట్టుకుంది, రెండో కంటికి అదే పాఠం మళ్లీ నేర్పితే హాయిగా నేర్చుకుంది.

ఇక్కడితో జ్ఞాపకం దొరికేసింది అనుకుంటే తొందరపాటే. ఒక పని ఆగిపోయిందంటే అది అక్కడే దాచి ఉందని కాదు, అక్కడి నుంచి బయటికి వచ్చే దారి తెగి ఉండొచ్చు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన విశాఖలో కరెంటు స్తంభాలు పడి టీవీలు ఆగిపోయాయి, అంతమాత్రాన సీరియల్ స్తంభంలో ఉండేదని ఎవరూ అనలేదు కదా. ఈ తేడా పట్టుకోవడానికి 1993లో థాంప్సన్ బృందం చేసిన ప్రయోగం నాకు మహా ఇష్టం. ఈసారి శాశ్వతంగా దెబ్బతీయలేదు, మందుతో కాసేపు మొద్దుబార్చారు. కొన్ని కుందేళ్లకి పాఠం చెబుతున్నంతసేపూ ఆ ఇంటర్‌పోజిటస్ ప్రాంతాన్ని, కొన్నింటికి దాని నుంచి ఆదేశం అందుకునే రెడ్ న్యూక్లియస్‌ని. పాఠం జరుగుతున్నప్పుడు రెండు గుంపులూ శబ్దానికి రెప్ప వేయలేదు, చూసేవాళ్లకి రెండూ ఒకేలా మొద్దులు. మందు దిగాక చూస్తే రెండో గుంపు మొదటి శబ్దం నుంచే టకటకా రెప్పలు వేసింది. అవన్నీ ఆ రోజుల్లోనే నేర్చుకున్నాయి, చూపించలేకపోయాయి, అంతే. మొదటి గుంపు మాత్రం ఏమీ నేర్చుకోలేదు, అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇలాంటి జోడీ పరీక్ష పెడితే తప్ప 'ఇక్కడే నేర్చుకుంటుంది' అనకూడదు.

లాష్లీ ఇంకోటి కూడా చేశారు. వెలుతురు, చీకటి తేడా చూసి సరైన వైపు వెళ్లడం నేర్చిన ఎలుకలకి మెదడు వెనక ఉండే చూపు కార్టెక్స్ తీసేస్తే ఆ పాఠం పోయింది. మళ్లీ నేర్పితే ఇంచుమించు మొదటిసారి పట్టినంత కాలమే పట్టింది. దాంతో పాతది చెరిగిపోయిందనే అనుకున్నారు. 1970లలో లెవీర్ అనే పరిశోధకుడు గడుసుగా పాఠాన్ని తిరగేశారు. ఆపరేషన్ అయ్యాక కొన్ని ఎలుకలకి పాత పాఠమే, కొన్నింటికి సరిగ్గా దానికి ఉల్టా. పాతది నిజంగా చెరిగిపోతే ఉల్టా పాఠం కూడా అంతే తేలిగ్గా రావాలి కదా? రాలేదు, పాతది అడ్డుపడింది. అంటే అది లోపలెక్కడో ఉంది, అందడం లేదు.

ఇక నీ రెండో పుస్తకం. రిచర్డ్ మారిస్ నీళ్ల తొట్టి ప్రయోగం చదివే ఉంటావు. నీళ్లలో పాలు కలిపి మసక చేస్తారు, నీటిమట్టానికి కాస్త కిందుగా ఒక దిమ్మ కనిపించకుండా ఉంటుంది, ఎలుక ఈదుకుంటూ వెళ్లి గదిలోని గుర్తులు చూసి ఆ చోటు కనిపెట్టాలి. 1982లో ఆయనా మరికొందరూ చూపించింది ఏమిటంటే, హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఎలుకలు ఆ చోటు కనిపెట్టలేకపోయాయి, కానీ దిమ్మ నీటి పైకి కనిపిస్తే బాగానే చేరుకున్నాయి. ఈత రాకా కాదు, బద్ధకమూ కాదు, చోటు గుర్తుపెట్టుకోవడమే పోయింది. కిమ్, ఫాన్సెలో 1992లో ఇంకో మెలిక చూపించారు. ఒక పెట్టెలో శబ్దం వినిపించి చిన్న షాక్ ఇస్తే ఎలుక ఆ శబ్దానికీ భయపడుతుంది, ఆ పెట్టెకీ భయపడుతుంది. మర్నాడే హిప్పోక్యాంపస్ దెబ్బతీస్తే పెట్టె భయం పోయింది, శబ్దం భయం నిలిచింది. 28 రోజులు ఆగి దెబ్బతీస్తే పెట్టె భయం కూడా చాలావరకు నిలిచింది. అదే ఎలుక జాతి, అదే భాగం, అదే దెబ్బ. తేదీ మారితే జవాబు మారింది.

కాబట్టి పరీక్షలో 'జ్ఞాపకం పోయింది' అని రాసేముందు ఏ పనిలో పోయింది, నేర్చుకోకముందు దెబ్బా తర్వాతా, ఎన్నాళ్లకి, పక్కన ఏం మిగిలింది అన్నవి రాయి. దిద్దేవాళ్లకి నువ్వు గైడు చదవలేదని అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నకి కిందటేడు పక్షవాతం వచ్చి తగ్గింది. పొద్దున్న తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, తిన్నానా అని పదిసార్లు అడుగుతాడు. కానీ చిరిగిన వల చేతికిస్తే ఒక్క ముడి తప్పకుండా బాగుచేస్తాడు. మా అన్నయ్య అయితే నాన్న నాటకమాడుతున్నాడంటాడు.
– ఒక పాఠకురాలు, పెదజాలారిపేట

జవాబు: నాటకం కాదమ్మా, మీ అన్నయ్యగారికి ఈ పేజీ చూపించండి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. అప్పటి నుంచి 2008లో పోయేదాకా కొత్త సంగతి దాదాపు ఏదీ ఆయనకి నిలవలేదు. అదే మనిషికి బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం నేర్పితే రోజురోజుకీ చెయ్యి కుదురుకుంది. ఆ పని ఇంతకుముందు చేశానన్న సంగతి మాత్రం ఆయనకి తెలియదు. జరిగిన సంగతి గుర్తుండటానికీ చేతికి పని వంటబట్టడానికీ మెదడులో దారులు వేరు.

ఎలుకల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తలో ఎలుక 'తిండి ఫలానా చోట ఉంది' అని వెళ్తుంది, బాగా అలవాటయ్యాక 'ఇక్కడ ఇటు తిరగాలి' అని ఆలోచించకుండా తిరిగేస్తుంది. ప్యాకార్డ్, మెక్‌గా 1996లో బాగా అలవాటైన ఎలుకలకి కాడేట్ అనే లోపలి భాగాన్ని మందుతో మొద్దుబార్చారు. అలవాటు ఆగింది, ఆశ్చర్యంగా పాత 'చోటు' జ్ఞాపకం మళ్లీ పైకి వచ్చింది. 2015లో హార్వర్డ్ బృందం చేసింది ఇంకా వింత. మీటని రెండుసార్లు, మధ్యలో సరిగ్గా ఇంత విరామం ఇచ్చి నొక్కడం ఎలుకలకి నేర్పి, కదలికలకి అసలు ఆధారం అనుకునే మోటార్ కార్టెక్స్ తీసేశారు. అయినా ఎలుకలు ఆ పని చక్కగా చేశాయి. ముందే తీసేసిన ఎలుకలు మాత్రం ఆ పని నేర్చుకోలేకపోయాయి. ఎలుక వేరు మనిషి వేరు, మనకి మోటార్ కార్టెక్స్ దెబ్బతింటే చెయ్యి పడిపోతుంది, దీన్ని నేరుగా మీ నాన్నగారికి అంటించకండి. కానీ చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్న పని, పొద్దున్న తిన్న ఇడ్లీ ఒకే అరలో ఉండవని అర్థమవుతుంది.

వల పని ఆపించకండి. అలాగే మరుపుని 'పక్షవాతం వచ్చింది కదా' అని వదిలేయకండి, బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు పట్టుకున్నా మరుపు వస్తుంది, వీటికి మందులున్నాయి. కేజీహెచ్‌లో న్యూరాలజీ డాక్టర్లకి ఒకసారి చూపించండి.

ప్రశ్న: స్ట్రోక్ వచ్చాక మా ఆవిడ కుడిచెయ్యి కొంచెం కదులుతోంది, అయినా అన్నీ ఎడమచేత్తోనే చేసుకుంటోంది. బతిమాలినా కుడిచెయ్యి వాడదు. ఇది బద్ధకమా?
– రిటైర్డ్ ఉద్యోగి, గాజువాక

జవాబు: బద్ధకం అనకండి సార్, అది కూడా నేర్చుకున్నదే. ఎడ్వర్డ్ టౌబ్ అనే పరిశోధకుడు కోతులకి ఒక చేతి నుంచి స్పర్శ మోసే నరాల వేళ్లని వెన్నుపాము దగ్గర కోశారు. కదిలించే నరాలు బాగానే ఉన్నా కోతి ఆ చెయ్యి వాడటం మానేసింది. బాగున్న చేతిని కట్టేస్తే మానేసిన చేత్తోనే పనులు మొదలుపెట్టింది. మొదటి రోజుల్లో ప్రయత్నించిన ప్రతిసారీ విఫలమై 'ఇది పనికిరాదు' అని నేర్చుకుందని, తర్వాత చెయ్యి పనికొచ్చే స్థితికి వచ్చినా ఆ పాఠం పోలేదని ఆయన వివరణ. దీని నుంచే మనుషులకి చికిత్స పుట్టింది. బాగున్న చేతికి మందపాటి గ్లౌజు తొడిగి, దెబ్బతిన్న చేత్తో రోజూ గంటల తరబడి పని చేయిస్తారు. 2006లో అమెరికాలో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్లకి ఇలా రెండు వారాలు చేయిస్తే మేలు కనిపించింది. మణికట్టూ వేళ్లూ ఎంతో కొంత కదిలేవాళ్లకే ఇది. మీరే ఇంట్లో చెయ్యి కట్టేసి మొదలుపెట్టకండి, పడిపోయే ప్రమాదం ఉంది, ఫిజియోథెరపిస్టుని అడగండి. ఇంకోటి, బతిమాలడం తగ్గించి కుడిచేత్తో చేయగలిగే చిన్న పనులు అందించండి. గ్లాసు పట్టుకోవడం, తువ్వాలు మడవడం, అలాంటివి.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. బైకు మీంచి పడి తలకి గట్టి దెబ్బ తగిలింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. పిల్లల మెదడు పూర్తిగా సర్దుకుంటుందని అందరూ అంటున్నారు, నిజమేనా?
– ఒక తల్లి, గోపాలపట్నం

జవాబు: సగం నిజం. 1930లలో మార్గరెట్ కెనార్డ్ కోతి పిల్లలకి మోటార్ కార్టెక్స్ దెబ్బతీస్తే పెద్ద కోతులకన్నా అవి బాగా కోలుకున్నాయి, ఆ మాటే ఇప్పటికీ తిరుగుతోంది. తర్వాత బ్రయాన్ కోల్బ్ ఎలుకల్లో చూస్తే పుట్టిన తొలి రోజుల్లో తగిలిన దెబ్బ, ఓ పది రోజుల వయసులో తగిలినదానికన్నా ఎక్కువ చెరుపు చేసింది. ప్యాట్రీషియా గోల్డ్‌మన్ కోతుల్లో చూసింది మీకు ఇంకా అవసరం. పసితనంలో ముందుమెదడులో ఒక భాగం తీసేసిన కోతులు చిన్నప్పుడు పరీక్షలన్నీ బాగా చేశాయి, పెద్దయ్యాక తడబడ్డాయి. ఆ భాగంతో పని పడేది పెద్దయ్యాకే కాబట్టి లోటు అప్పుడు బయటపడింది. మీవాడికి అలా అవుతుందని కాదు, కంగారు పడకండి. ఆరో తరగతి, ఏడో తరగతి పాఠాలు బరువెక్కినప్పుడు చదువులో, కోపంలో, ఏకాగ్రతలో మార్పు కనిపిస్తే 'అల్లరి' అని కొట్టకుండా, పాత దెబ్బ సంగతి డాక్టరుకి చెప్పండి. స్కానింగ్ కాగితాలు పారేయకండి.

ప్రశ్న: తల తీసేసినా పాఠం గుర్తుంచుకునే పురుగు ఉందని విన్నాను. పుకారా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, సిరిపురం

జవాబు: పుకారు కాదు. ప్లనేరియా అనే చదును పురుగు తల కోసేస్తే కొత్త తల, కొత్త మెదడు మొలుస్తాయి. 1950లలో మెకానెల్ ఇలాంటి మాట చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 2013లో షోమ్రాట్, లెవిన్ మనిషి చెయ్యి పడకుండా యంత్రంతోనే నేర్పి, యంత్రంతోనే పరీక్షించారు. గరుకు నేల ఉన్న చోట వెలుతురులో తిండి దొరుకుతుందని అలవాటైన పురుగులు, తల మొలిచాక ఒక్కసారి గుర్తుచేస్తే చాలు, కొత్తవాటికన్నా త్వరగా తిండి దగ్గరికి వెళ్లాయి. ఆ గుర్తు ఒంట్లో ఎక్కడుందన్నది వేరే కథ. నువ్వు మాత్రం ప్రయత్నించకు, నీకు తల మొలవదు.

ప్రశ్న: మూగజీవాల మెదడు కోసి చూసే ఈ పనిని మీరు గొప్పగా రాస్తారేం? ఎలుకకి పనికొచ్చింది మనిషికి పనికొస్తుందని గ్యారంటీ ఏమిటి? మా అబ్బాయి చదివే కాలేజీలో కూడా ఎలుకల్ని తెస్తున్నారట.
– సీతమ్మధార పాఠకుడు

జవాబు: గ్యారంటీ లేదు. జంతువు నుంచి మనిషికి తొందరపడి దూకితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. 1930లలో యేల్ యూనివర్సిటీలో జేకబ్‌సెన్ అనే ఆయన బెకీ, లూసీ అనే రెండు చింపాంజీలకి ఒక పరీక్ష పెట్టేవారు. రెండు గిన్నెల్లో ఒకదాని కింద తిండి పెట్టి, కాసేపు తెర దించి, తర్వాత ఎంచుకోమనేవారు. మెదడు ముందు భాగాలు రెండు వైపులా తీసేశాక అవి ఆ పరీక్ష చేయలేకపోయాయి. కానీ తప్పు చేస్తే విపరీతంగా ఉడుక్కునే బెకీ, ఆపరేషన్ తర్వాత తప్పు చేసినా ప్రశాంతంగా ఉంది. 1935లో లండన్ సభలో ఈ సంగతి చెప్పారు. పోర్చుగల్ డాక్టర్ ఎగాస్ మోనిజ్ ఆ సభలో ఉన్నారు, అదే ఏడాది నవంబరులో మానసిక రోగులకి మెదడు ఆపరేషన్లు మొదలుపెట్టించారు. ఆ ఆలోచన అంతకుముందే ఉందని ఆయన అన్నారు గానీ, చింపాంజీల కథ దానికి అండగా నిలిచింది. 1949లో నోబెల్ కూడా ఇచ్చారు. తర్వాత కొన్ని దేశాల్లో వేలాదిమంది ఆ తరహా ఆపరేషన్ల పాలయ్యారు. రెండో చింపాంజీ లూసీ శాంతించలేదు సరికదా, అంతకుముందు నెమ్మదిగా ఉన్నది చిరాకుపడటం మొదలుపెట్టింది, ఆ సగం ఎవరికీ పట్టలేదు. 1942లో మాల్మో అనే ఆయన ముందు భాగాలు తీసేసిన కోతులకి అలాంటి పరీక్షే పెట్టి, ఆగే ఆ కాసేపూ గదిలో దీపాలు ఆర్పేస్తే అవి చాలావరకు సరిగ్గానే ఎంచుకున్నాయి. జ్ఞాపకమే పోయిందనుకున్నచోట అసలు గొడవ పరధ్యానం!

హింస సంగతికి వస్తే, పైన చెప్పిన టౌబ్ ల్యాబ్ మీదే 1981లో పోలీసులు దాడి చేశారు, కోతుల్ని ఉంచిన తీరు మీద కేసు నడిచింది, కింది కోర్టు వేసిన శిక్ష అప్పీల్లో నిలవలేదు. ఆ కోతుల కష్టమూ నిజమే, ఆ పని వల్ల చెయ్యి మళ్లీ వాడుకుంటున్న మనుషులూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. నా మటుకు నాకు, ఇప్పటికే తేలిపోయిన సంగతిని క్లాసులో మళ్లీ చూపించడానికి ఒక్క ఎలుకని కూడా వాడకూడదు. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా పుస్తకం, మోడల్, ఫిల్ముతో బోధన జరిగే చోట వీలైనంతవరకు జంతువుల్ని వాడొద్దనే చెబుతుంది. పరిశోధన చేసే సంస్థ రిజిస్టరై ఉండాలి, జంతువుల విషయం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, కోసే పని ఉంటే మత్తు ఇవ్వాలి. మీ అబ్బాయిగారి కాలేజీలో ఎలుకల్ని ఎందుకు తెచ్చారో, ఆ అనుమతి కాగితం ఉందో లేదో ప్రిన్సిపాల్‌ని రాతపూర్వకంగా అడగండి, నోటిమాటతో వదిలేయకండి.